అమ్మానాన్నల కోసం ఒంటి అంతస్తు ఇల్లు కొనవచ్చునా? కానూరు ఇంటి గురించి అడిగినవారికి నా సమాధానం

మీరు అడిగినది ఇది. మీరు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నారు. అమ్మగారికి 66 ఏళ్లు, మోకాలి మార్పిడి శస్త్రచికిత్స జరిగి ఏడాది అయింది. నాన్నగారికి 71. ఇద్దరూ విజయవాడలో నాలుగో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నారు, అక్కడి లిఫ్టు నెలకు రెండు మూడు సార్లు ఆగిపోతోంది. కానూరు వైపు 260 గజాల స్థలంలో 24 ఏళ్ల క్రితం కట్టిన ఒంటి అంతస్తు డాబా ఇల్లు అమ్మకానికి వచ్చింది. ఫ్లాటు అమ్మి దానిని కొనడం మంచిదేనా, అలాంటి విడి ఇంట్లో ఉండటం వల్ల కలిగే సుఖమెంత, కష్టమెంత అని మీ ప్రశ్న.

నా సమాధానం ముందే చెబుతాను. కొనవచ్చు, కానీ మూడు విషయాలు తేల్చుకున్న తరువాతే బయానా ఇవ్వండి. గట్టి వాన పడినప్పుడు ఆ వీధిలో నీరు ఎంతవరకు వస్తుందో, స్లాబులోని ఇనుము ఏ స్థితిలో ఉందో, మీ తల్లిదండ్రులకు రోజూ కనిపెట్టుకుని ఉండే మనిషి అక్కడ దొరుకుతారో లేదో తెలుసుకోండి. మొదటి రెండింటిలో ఏది బాగా లేకపోయినా ధర ఎంత తగ్గించినా వదిలేయండి. మూడవది కుదరకపోతే, నమ్మకమైన లిఫ్టూ, జనరేటరూ ఉన్న అపార్ట్‌మెంటులో మొదటి అంతస్తు ఫ్లాటు చూసుకోవడమే మేలు.

నేను సివిల్ ఇంజనీరును. గుంటూరు, విజయవాడ, తెనాలి ప్రాంతాలలో 34 ఏళ్లుగా ఇళ్లు కట్టించడం, పాత ఇళ్లను పరీక్షించి మరమ్మతులు చేయించడం నా వృత్తి. గుంటూరులో 19 ఏళ్లుగా ఒంటి అంతస్తు ఇంట్లోనే ఉంటున్నాను కాబట్టి కింద చెప్పే వాటిలో చాలా భాగం నేను స్వయంగా అనుభవించినవే.

బంగళా అనగానే మన వాళ్లకు కలెక్టరు బంగళాలు, ట్రావెలర్స్ బంగళాలు గుర్తుకు వస్తాయి. ఆ మాట బెంగాల్ ప్రాంతపు ఇళ్ల తీరును బట్టి వచ్చింది. ఎత్తయిన కప్పు, చుట్టూ వసారా, నేల మీద ఒకే అంతస్తు దాని లక్షణాలు. వసారా ఉండటం వల్ల ఎండ గోడను నేరుగా తాకేది కాదు. మనం ఇప్పుడు కట్టుకుంటున్న డాబా ఇళ్లు ఒకే అంతస్తుగా ఉండటమైతే నేర్చుకున్నాయి గానీ వసారాను, ఎత్తయిన కప్పును వదిలేశాయి. ఒంటి అంతస్తు ఇంట్లో కింద నేల, పైన కప్పు రెండూ మీవే. పైవాళ్ల చప్పుడు ఉండదు, కిందివాళ్ల అభ్యంతరం ఉండదు. అలాగే నేల నుంచి వచ్చే నీరు, చెమ్మ, చెదలు, కప్పు నుంచి వచ్చే ఎండ, వాన కూడా నేరుగా మీ మీదకే వస్తాయి. మీరు అడిగిన లాభనష్టాలు దాదాపు అన్నీ ఈ ఒక్క కారణం నుంచే పుడతాయి.

ముందు అమ్మగారి సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు ఇల్లు మారాలనుకోవడానికి అసలు కారణం ఆమే. మోకాలి మార్పిడి తరువాత మనిషికి కావలసింది రోజూ కొంత నడక. నాలుగో అంతస్తులో లిఫ్టు మీద నమ్మకం పోయినవారు క్రమంగా కిందికి దిగడమే మానేస్తారు. అదే నేల మీది ఇంట్లో అయితే ఉదయం పాల ప్యాకెట్టు తీసుకోవడానికి, మందార పూలు కోయడానికి, తులసి కోట దగ్గర నీళ్లు పోయడానికి, ఎవరో పిలిస్తే గేటు దాకా వెళ్లడానికి రోజుకు పది సార్లు అయినా నడుస్తారు. ఇది నేను మా అత్తగారిలో కళ్లారా చూశాను. అపార్ట్‌మెంటులో ఉన్న రెండేళ్లూ ఆమె సోఫాకే పరిమితమయ్యారు. మా ఇంటికి వచ్చాక కరివేపాకు చెట్టు, మునగ చెట్టు తన బాధ్యతగా తీసుకున్నారు. ఎవరూ వ్యాయామం చేయమని చెప్పకుండానే ఆమె నడక మెరుగుపడింది.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. నీరు ఇంట్లోకి రాకుండా ఉండాలంటే ఇంటి నేల రోడ్డు కన్నా ఎత్తుగా ఉండాలి. ఎత్తుగా ఉంటే మెట్లు తప్పవు. కొత్తగా కట్టే ఇళ్లకు రోడ్డు మీద నుంచి కనీసం మూడు అడుగుల బేస్‌మెంటు (రోడ్డు నుంచి ఇంటి నేల ఎత్తు) ఉండేలా నేను చూస్తాను. మీరు చెప్పిన పాత ఇంటికి ఇప్పుడు రెండు అడుగులు మిగిలి ఉందనుకుందాం. మెట్లు ఎక్కలేనివారికి ర్యాంపు కట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంటే రెండు అడుగులకు ఇరవై నాలుగు అడుగులు కావాలి. చాలా మంది గేటు దగ్గర ఐదారు అడుగులలో నిటారుగా ఒక వాలు కట్టించి దానినే ర్యాంపు అంటారు. అది స్కూటరు ఎక్కించడానికి పనికొస్తుంది గానీ వాకరు పట్టుకున్న మనిషికి ప్రమాదం. మీ స్థలం 39 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉండవచ్చని అనుకుంటున్నాను. అలా అయితే ప్రహరీకి, ఇంటి గోడకు మధ్య పక్క ఖాళీలో మూడున్నర అడుగుల వెడల్పుతో, ఒక పక్క స్టీలు కడ్డీతో ర్యాంపు పట్టేందుకు అవకాశం ఉంటుంది. వెళ్లినప్పుడు ఆ పక్క ఖాళీని టేపుతో కొలవండి.

ఇక నీటి సంగతి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడను ముంచిన తీరు మీకు గుర్తుండే ఉంటుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వంటి చోట్ల ఇళ్లు రోజుల తరబడి నీటిలో నిలబడ్డాయి. ఆ నీరు తీశాక మరమ్మతుల కోసం నేను సింగ్‌నగర్‌లో ఒక ఒంటి అంతస్తు ఇంటికి వెళ్లాను. హాలు గోడ మీద కిటికీ అంచుకు కాస్త పైన, దారం పట్టి గీసినట్టు బురద గీత ఉంది. బీరువా కింది అరలో పెట్టిన రిజిస్ట్రేషను కాగితాలు ఒక ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి, ఆ ఇంటి పెద్దాయన వాటిని ఫ్యాను కింద ఒక్కో పేజీగా విడదీస్తూ కూర్చున్నారు. వీధిలో అందరూ మునిగారు, అది నిజమే. కానీ మేడ ఉన్నవాళ్లు పై అంతస్తుకు వెళ్లి కూర్చోగలిగారు. ఈ దంపతులకు డాబా మీదకు పోవడానికి బయట ఉన్న ఇనుప నిచ్చెన తప్ప మెట్లు లేవు. నడుము లోతు నీటిలో డెబ్బై ఏళ్ల మనిషి ఆ నిచ్చెన ఎక్కవలసి వచ్చింది.

అందుకే ఒంటి అంతస్తు ఇల్లు చూసేటప్పుడు డాబా మీదకు సిమెంటు మెట్లు ఉన్నాయా, పైన కనీసం ఒక చిన్న గది గానీ, రేకుల షెడ్డు గానీ ఉందా అని నేను ముందుగా చూస్తాను. అమ్మగారు రోజూ ఎక్కనక్కర లేదు. జీవితంలో ఒక్క రోజు అవసరమైతే ఆ మెట్లు ఉండాలి.

కానూరు, పోరంకి, పెనమలూరు వైపు పొలాలు ఇళ్ల స్థలాలుగా మారాయి. ఒకప్పటి పంట బోదెలు ఎక్కడ పూడిపోయాయో అక్కడ వాన నీరు ఇప్పటికీ తన పాత దారినే వెతుక్కుంటుంది. అమ్మేవారిని అడిగితే నీరు రాదనే అంటారు. కాబట్టి ఆ వీధి చివర కిరాణా కొట్టు ఆయనను, ఇస్త్రీ బండి అతనిని, ఇరవై ఏళ్లుగా అద్దెకు ఉంటున్నవారిని అడగండి. పక్క ఇంటి ప్రహరీ మీద, కరెంటు స్తంభం మీద పాత నీటి మరకలు ఉన్నాయేమో చూడండి. వీలైతే గట్టి వాన పడిన సాయంత్రమే వెళ్లండి.

ఇంకో విషయం చాలా మంది పట్టించుకోరు. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేస్తారు. నేను ఇల్లు కట్టినప్పుడు గేటు లోపల నాలుగు మెట్లు ఉండేవి, రెండు సార్లు రోడ్డు వేశాక ఇప్పుడు రెండే మిగిలాయి. ఇల్లు కుంగలేదు, రోడ్డే పైకి వచ్చింది. 24 ఏళ్ల నాటి ఇంటికి ఇది తప్పకుండా జరిగి ఉంటుంది. రోడ్డు నడిమి నుంచి ఇంటి గడప వరకు ఎత్తు ఎంతో నీటి గొట్టం లెవెలుతో ఏ తాపీ మేస్త్రి అయినా పది నిమిషాలలో చెబుతాడు. అది అడుగున్నర కన్నా తక్కువ ఉంటే ఆ ఇల్లు వద్దు. పాత ఇంటి నేలను పైకి లేపితే గుమ్మాలు, కిటికీలు, కప్పు ఎత్తు అన్నీ తగ్గిపోతాయి. జాకీలతో మొత్తం ఇంటిని లేపే పని ఒకటి ఉంది గానీ, 24 ఏళ్ల ఇంటికి నేను దానిని సలహా ఇవ్వను.

ఎండ సంగతి కూడా ఇంతే ముఖ్యం. ఐదంతస్తుల అపార్ట్‌మెంటులో ఎండ దెబ్బ పై అంతస్తువారికే తగులుతుంది. ఒంటి అంతస్తు ఇంట్లో ప్రతి గదీ పై అంతస్తే. మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు తాకే రోజులలో ఐదు అంగుళాల స్లాబు పగలంతా వేడిని తాగి, సాయంత్రం నుంచి నడిరాత్రి దాకా గదిలోకి వదులుతుంది. కొత్తగా ఇంట్లో చేరిన మొదటి వేసవిలో నేను రాత్రి తొమ్మిదింటికి స్టూలు వేసుకుని సీలింగుకు అరచెయ్యి ఆనించి చూశాను, ఒక నిమిషం కూడా ఉంచలేకపోయాను. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది. ఏసీ వేసినా అది ముందు స్లాబుతో పోరాడి తరువాతే గదిని చల్లబరుస్తుంది.

దీనికి మందు ఉంది. డాబా మీద నీరు నిలవకుండా వాలు సరిచేయించి, ఆ పైన తెల్లని కూలింగ్ టైల్స్ వేయించాను. పడమటి గోడకు బయట మూడు అడుగుల దూరంలో పందిరి వేసి సన్నజాజి పాకించాను. మరుసటి మే నెలలో అదే హాలులో, అదే చోట పెట్టిన థర్మామీటరు రాత్రి వేళ మూడు డిగ్రీలు తక్కువ చూపించింది. టైల్స్‌కు డబ్బు చాలదనుకుంటే తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేయించండి. దుమ్ము పట్టి దాని తెలుపు తగ్గుతుంది కాబట్టి రెండు మూడేళ్లకు ఒకసారి మళ్లీ వేయాలి. వాలు సరిచేయకుండా వాటర్‌ప్రూఫింగ్ రసాయనాలు మాత్రం వేయించకండి. పని చేయించిన మొదటి వానలకు బాగానే ఉండి, నీరు నిలిచే గుంటల దగ్గర పొరలుగా లేచిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

కప్పు మీదే కావడం వల్ల కలిగే పెద్ద లాభం సోలారు. అపార్ట్‌మెంటులో డాబా అందరిదీ కాబట్టి ఒకరు పెట్టుకోవాలంటే అందరూ ఒప్పుకోవాలి. మీ ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. మూడు కిలోవాట్లకు సుమారు 300 చదరపు అడుగుల నీడ లేని చోటు చాలు. పి.ఎం. సూర్యఘర్ పథకం కింద దానికి 78,000 రూపాయల కేంద్ర రాయితీ ఉంది. రోజుకు సగటున పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. సోలారు పలకల నీడ వల్ల ఆ మేరకు స్లాబు కూడా చల్లగా ఉంటుంది. అందుకే మంచం ఉన్న గది పైన పలకలు వచ్చేలా పెట్టించమని నేను అందరికీ చెబుతుంటాను.

ఇప్పుడు ఇంటి ఒళ్లు ఎలా ఉందో చూసే పద్ధతి చెబుతాను. సీలింగు మీద తుప్పు రంగు చారలు, పెచ్చులు ఊడిన చోట్లు, ముఖ్యంగా బాత్రూము పైన, సన్‌షేడ్ల అడుగున చూడండి. చిన్న సుత్తితో మెల్లగా తట్టుతూ పోతే బాగున్న చోట గట్టి చప్పుడు, లోపల ఇనుము ఉబ్బిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. సన్‌షేడ్లు పాడైతే మార్చుకోవచ్చు. గదుల స్లాబులో సగానికి సగం డొల్లగా పలికితే మీరు కొంటున్నది స్థలాన్ని మాత్రమే అని లెక్క, అలాంటి ఇల్లు వదిలేయండి. ఇటీవలే రంగులు వేసి ఉంటే మరింత జాగ్రత్తగా తట్టి చూడాలి.

గోడల పగుళ్లలో అన్నీ ప్రమాదకరం కావు. ప్లాస్టరింగులో వెంట్రుక వాసి పగుళ్లను వదిలేయండి. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా మెట్లు మెట్లుగా పోయే పగుళ్లు పునాది కదలికకు గుర్తు. గుంటూరు వైపు నల్లరేగడి నేలలో ఇది ఎక్కువ. వానలకు ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. నేలను, ఇంటిని కలిపే చోట మే నెలలో రూపాయి బిళ్ల జారిపోయేంత సందు ఏర్పడి, కార్తీకానికి మళ్లీ మూసుకుపోయిన ఇళ్లు నాకు తెలుసు. పగులు ఇంకా కదులుతోందో లేదో తెలియాలంటే దానికి అడ్డంగా సన్నని గాజు పలకను సిమెంటుతో రెండు చివరలా అతికించి తేదీ రాసి ఉంచుతాం. గాజు పగిలితే గోడ కదులుతున్నట్టు. దీనికి కొన్ని నెలల సమయం కావాలి, కొనుగోలుదారుకు అంత సమయం ఉండదు. కాబట్టి పాత పగులును పూడ్చిన చోటే మళ్లీ పగిలిందా అని చూడండి, అదే గాజు పలక చెప్పే మాట చెబుతుంది. గోడకు ఆనుకుని వేప, రావి వంటి పెద్ద చెట్టు ఉంటే అది మట్టిలోని తడిని లాగి ఈ కదలికను ఇంకా పెంచుతుంది.

తరువాత పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చని అమ్మేవారు ఆశ పెడతారు. ఆ కాలపు ఇళ్లలో చాలా వాటికి పిల్లర్లు ఉండవు, స్లాబు గోడల మీదే కూర్చుంటుంది. పునాది ఎంత లోతుందో, పిల్లర్లు ఉన్నాయో లేవో ఒక మూల తవ్వించి చూడకుండా ఆ ఆశకు ఒక్క రూపాయి కూడా కట్టకండి.

బోరు నీటిని సీసాలో పట్టి పరీక్ష చేయించండి. ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా అనుమతిస్తారు. అంతకు మించితే పంపులు, గీజర్లు, బాత్రూము టైల్స్ కూడా త్వరగా పాడవుతాయి. భూగర్భ డ్రైనేజీ లేని వీధి అయితే సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో అడగండి. దానికి, బోరుకు మధ్య కనీసం యాభై అడుగుల దూరం ఉండాలి. అరవై అడుగుల స్థలంలో ఒకటి ముందు మూలన, మరొకటి వెనుక మూలన ఉంటే తప్ప అది సాధ్యపడదు. మీ సెప్టిక్ ట్యాంకు దూరంగా ఉన్నా, పక్కింటి వారిది మీ బోరు పక్కనే ఉండవచ్చు. అది కూడా చూడాలి.

డబ్బు విషయంలో ఎక్కువ చెప్పను. ఒకే అంతస్తుకు పునాది, కప్పు మొత్తం ఖర్చు పడుతుంది కాబట్టి చదరపు అడుగు లెక్కన విడి ఇల్లు ఎప్పుడూ ఖరీదే. అయితే కాలం గడిచే కొద్దీ కట్టడం విలువ తగ్గుతుంది, స్థలం విలువ నిలుస్తుంది. ఫ్లాటులో మీ వాటాకు వచ్చే స్థలం కొద్ది గజాలే, ఇక్కడ 260 గజాలూ మీవే. అపార్ట్‌మెంటు నెలసరి మెయింటెనెన్సు తప్పిందని సంతోషించే ముందు, రంగులు, మోటారు, సంపు శుభ్రత, చెదల మందు, డాబా పూత అన్నీ కలిపి నాకు ఏడాదికి సగటున 35 వేల దాకా అవుతోందని గుర్తుంచుకోండి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), మంజూరైన ప్లాను మీ న్యాయవాదికి చూపించడం ఎలాగూ తప్పదు.

చివరగా, నాకు అన్నిటికన్నా మనసుకు పట్టే విషయం. విడి ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటారు. అపార్ట్‌మెంటులో తలుపు తెరవకపోతే పక్క ఫ్లాటువాళ్లు గమనిస్తారు, వాచ్‌మన్ ఉంటాడు. ప్రహరీ గోడ లోపల ఆ భరోసా లేదు. నాలుగేళ్ల క్రితం నాకు బాగా తెలిసిన ఒక రిటైర్డు మాష్టారు గుంటూరులోని తన ఇంట్లో బాత్రూములో జారి పడ్డారు. భార్య ఊళ్లో లేరు. తలుపు లోపల గడియ పెట్టి ఉంది, పైగా లోపలికి తెరుచుకునే తలుపు, ఆయన దానికి అడ్డంగా పడిపోయారు. గేటుకు తాళం. పనిమనిషి వచ్చేదాకా దాదాపు ఐదు గంటలు ఆయన చల్లని నేల మీదే ఉన్నారు. బతికారు, కానీ తుంటి విరిగింది. ఆ తరువాత నేను పని చేసిన ప్రతి ఇంట్లో బాత్రూము తలుపు బయటికి తెరుచుకునేలా, దాని గడియ బయటి నుంచి కూడా బిళ్లతో తిప్పగలిగేలా పెట్టిస్తున్నాను. జారని టైల్స్, కమోడు పక్కన పట్టుకునే కడ్డీ, మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం పెట్టించడానికి పెద్ద ఖర్చు కాదు. మీరు ఆ ఇల్లు కొంటే రంగుల కన్నా ముందు ఇవి చేయించండి.

260 గజాలలో ఒక మూల చిన్న పోర్షను ఉంటే గానీ, వేయడానికి వీలుంటే గానీ, అద్దె తక్కువైనా సరే మంచి కుటుంబాన్ని పెట్టండి. నేను వచ్చే అద్దె కోసం చెప్పడం లేదు, రాత్రి పిలిస్తే పలికే మనుషుల కోసం చెబుతున్నాను. గేటు తాళం చెవి ఒకటి వారి దగ్గర ఉండాలి. తల్లిదండ్రులు మీ దగ్గరకు వచ్చి నెల రోజులు ఉన్నప్పుడు కూడా ఇంట్లో దీపం వెలుగుతుంది. తాళం వేసిన విడి ఇళ్ల మీదే దొంగల కన్ను ఉంటుందని మీకు నేను చెప్పనక్కర లేదు.

ఈ శని, ఆదివారాలలో విజయవాడ వెళితే గడప ఎత్తు, పక్క ఖాళీ కొలతలు తీసుకోండి. బాత్రూము సీలింగు, కిటికీ మూలల పగుళ్లు, డాబా మీద నీరు పోయే గొట్టాల దగ్గర ఫొటోలు తీసి ఇక్కడే పెట్టండి. పగులు పక్కన ఒక రూపాయి బిళ్ల ఉంచి తీస్తే వెడల్పు తెలుస్తుంది. అవి చూసి ఆ ఇంటికి మరమ్మతు ఖర్చు సుమారుగా ఎంతవుతుందో లెక్క కట్టి చెబుతాను. అమ్మగారిని కూడా ఒకసారి తీసుకువెళ్లి, గేటు నుంచి వంటింటి దాకా ఆమెనే నడవమనండి.